మందుల సంచి కూడా తీసుకురండి



మంచి సమరయుడు గాయాలు కట్టి, ఆ మనిషిని పూటకూళ్ళ ఇంట చేర్చి, అంతటితో తన పని అయిందనుకోలేదు. మళ్ళీ వస్తానని కూడా చెప్పి వెళ్ళాడు. ప్రసంగాలలో మనం ఈ మాటను తొందరగా దాటేస్తుంటాము గాని, ఆసుపత్రి నుండి ఇంటికి వెళ్ళిన రోగికి కావలసినది సరిగ్గా అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల వలన కలిగే హానిని తగ్గించడానికి 2017లో ఒక కార్యక్రమం ఆరంభించింది. రోగి ఒక చోటి వైద్యం నుండి ఇంకొక చోటికి మారే సమయాన్ని అందులోని మూడు ముఖ్యాంశాలలో ఒకటిగా చేర్చింది. మందు ఎలా వాడాలో రోగికి వివరించడం ఫార్మసిస్టు పని అని మన దేశపు 2015 నిబంధనలు కూడా చెబుతున్నాయి.

ఒక పెద్దాయన సంగతి అనుకుందాము. ఆయన ఇంట్లో పాత బి.పి. బిళ్ళలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఆసుపత్రిలో వేరే కంపెనీవి ఇచ్చారు. పేరు వేరు, అట్ట రంగు వేరు, కాని రెండింటిలో ఉన్నది అమ్లోడిపినే. డబ్బు పెట్టి కొన్నవి పారేయడమెందుకని రెండూ వేసుకుంటాడు. కొన్నాళ్ళకు కాళ్ళు వాస్తాయి, కళ్ళు తిరుగుతాయి. ఈ మందు తనకు పడలేదని అన్నీ మానేస్తాడు. అలా మానేసినవారికే పక్షవాతం భయం.

పొదిలి, కనిగిరి, దర్శి వైపు ఫ్లోరైడు నీళ్ళ బాధ అందరికీ తెలిసినదే. కీళ్ళు నొప్పి అనగానే షాపులో నొప్పి బిళ్ళలు అడిగి కొనుక్కుంటాము. కిడ్నీ జబ్బు ఉన్నవారికి డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటివి హాని చేస్తాయి. డాక్టరుగారి చీటీలో ఇవి ఉండవు కనుక, మీరు చెబితే తప్ప ఎవరికీ తెలియదు. దయచేసి దాచవద్దు.

ఇన్సులిన్ వాడేవారు సిరంజి చూసుకోవాలి. సీసాపై 40 అని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 అని ఉంటే నారింజ మూత సిరంజి. తారుమారైతే మోతాదు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. షుగరు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఫ్రిజ్ లేని ఇంట్లో సీసాను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను నీళ్ళు పోసిన మట్టికుండలో ఉంచండి. మన ఎండలకు గూట్లో పెడితే పనికిరాదు.

ఇంటికి వెళ్ళాక ఫార్మసిస్టు ఫోను చేస్తే, “బాగానే ఉన్నామండీ” అని పెట్టేయకండి. బిళ్ళల అట్టలు చేతిలో పట్టుకొని, ఏది ఏ పూట వేసుకుంటున్నారో చెప్పండి. మళ్ళీ చూపించుకోవడానికి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకొని రండి. పాతవి, షాపులో కొన్నవి, నాటు మందులు కూడా. చదువు రానివారు బిడ్డలనో, సంఘంలోని తోటివారినో వెంట తెచ్చుకోండి. మిరపకోతలకు ఊరు దాటి వెళ్ళేవారు ముందుగా చెబితే, అన్ని రోజులకూ సరిపడా మందుల గురించి డాక్టరుగారిని అడగవచ్చు.