ఖైరతాబాద్ ఎవరిది? ఒక బోర్డులో నాలుగు వందల ఏళ్లు

ఈ రోజు ఎపిసోడ్ ఒక బోర్డు గురించి. 'ఖైరతాబాద్ మండల తహసీల్దార్ కార్యాలయం'. నాలుగే మాటలు. ఇలాంటి బోర్డులు మనం చూస్తాం గానీ చదవం. నేనూ అంతే. డిగ్రీ అడ్మిషన్ టైంలో ఇన్‌కమ్ సర్టిఫికెట్ కోసం సిటీలో ఒక ఆఫీసుకి వెళ్లి, పేరెందుకులెండి, గంటన్నర లైన్లో నిలబడ్డాను. తీరా కౌంటర్ దగ్గరికెళ్తే, "మీ ఇల్లు మా మండలం కిందికి రాదు బాబూ" అన్నారు. తప్పు నాదే. మనం ఉండే ఏరియా పేరు వేరు, గవర్నమెంట్ గీసిన గీత వేరు అని నాకు అప్పటిదాకా తెలీదు. ఆ గీతలు ఎవరు గీశారు అని వెతకడం అప్పుడే మొదలైంది.

మొదటి మాట, ఖైరతాబాద్. ఇది కుతుబ్‌షాహీలది. సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్‌షా కూతురు ఖైరతున్నీసా బేగం పేరు మీద వచ్చిందని చెబుతారు. ఆమె తన గురువు ముల్లా అబ్దుల్ మాలిక్ కోసం 1626 ప్రాంతంలో కట్టించిన మసీదు ఇప్పటికీ ఉంది. పక్కనే ఆయన కోసం సమాధి కూడా కట్టారు. కానీ ఆయన మక్కా యాత్రకెళ్లి అక్కడే పోయారట, సమాధి ఖాళీగా ఉండిపోయింది. మనం వినాయకుడి లైన్లో నిలబడే ఏరియా వెనక ఇంత కథ ఉంది మరి.

1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు. 1724 నుంచి ఆసఫ్‌జాహీలు, అంటే నిజాంలు. రాజులు మారారు, ఊరి పేరు మారలేదు.

మూడో మాట ముందు చూద్దాం, తహసీల్దార్. తహసీల్ అంటే వసూలు. పన్ను వసూలు చేసేవాడే తహసీల్దార్. హైదరాబాద్ రాజ్యంలో దివాన్ మొదటి సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ పెట్టి, రాజ్యాన్ని జిల్లాలుగా, తాలూకాలుగా విడగొట్టాడు. జిల్లాకి తాలూక్‌దార్, తాలూకాకి తహసీల్దార్. సిటీ చుట్టూ ఉన్న జిల్లా పేరు అత్రాఫ్-ఎ-బల్దా, అంటే నగరం చుట్టుపక్కల అని. అక్కడి శిస్తు రాజ్యం ఖజానాకి కాదు, నిజాం సొంత ఖర్చులకి పోయేది. దాన్నే సర్ఫ్-ఎ-ఖాస్ అనేవాళ్లు. అంటే మీ ఊరు ఏ గీత లోపల ఉందో దాన్ని బట్టి మీ పన్ను ఎవరి జేబులోకో తేలిపోయేది!

1948 సెప్టెంబర్‌లో పోలీస్ చర్య, తర్వాత మిలిటరీ గవర్నర్. ఆ పాత జిల్లా హైదరాబాద్ జిల్లాలో కలిసిపోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్. 1978లో పల్లెల భాగమంతా రంగారెడ్డి జిల్లాగా విడిపోయింది.

ఇప్పుడు రెండో మాట, మండలం. ఇది ఎన్టీఆర్ పెట్టింది, 1985లో. తాలూకాలు పోయి మండలాలొచ్చాయి, తహసీల్దార్ పోయి ఎమ్మార్వో వచ్చాడు. కొన్నేళ్లకి మళ్లీ తహసీల్దార్ అనే పేరే తెచ్చారు. మన జనం మాత్రం ఈ రోజుకీ 'ఎమ్మార్వో ఆఫీసు' అనే అంటారు. 2014లో రాష్ట్రమే మారింది, ఆ అలవాటు మారలేదు. 2016లో జిల్లాలన్నీ ముక్కలైనా హైదరాబాద్ జిల్లా, దాని 16 మండలాలు అలాగే ఉన్నాయి.

అసలు తికమక ఇక్కడుంది. ఖైరతాబాద్ మండలం ఒకటి, అసెంబ్లీ నియోజకవర్గం ఇంకొకటి, జీహెచ్‌ఎంసీ వాళ్ల ఖైరతాబాద్ మరొకటి. మూడింటి హద్దులూ ఒకటి కావు. పీజేఆర్ టైంలో నియోజకవర్గం చాలా పెద్దది, 2009 ఎన్నికలకి అందులోంచి జూబ్లీహిల్స్ వేరే అయింది. ఇల్లు కదలకుండానే చాలామందికి ఎమ్మెల్యే మారిపోయాడు.

గీతలే కాదు, కట్టడాలూ పాలకుల చేతిలో ఉంటాయి. పంజాగుట్ట వైపు వెళ్తుంటే ఎర్రమంజిల్ ఉంటుంది కదా, నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ ప్యాలెస్. 2019లో కొత్త అసెంబ్లీ కోసం దాన్ని కూల్చాలని కేబినెట్ నిర్ణయించింది. జనం కోర్టుకెళ్లారు. సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. అందుకే మెట్రోలోంచి అది ఇంకా కనిపిస్తోంది.

సర్టిఫికెట్‌కి అప్లై చేసే ముందు మీ మండలం ఏదో ఒకసారి చూసుకోండి, నాలాగా లైన్లో నిలబడకండి. వచ్చే ఎపిసోడ్‌లో నాంపల్లి. ఉంటా మరి.