పెంపుడు పాము ఎర ముట్టనప్పుడు: బాల్ పైథాన్ ప్రవర్తనలో మార్పులు, వాటి కారణాలు

అమెరికా, ఐరోపా దేశాలలో ఇళ్లలో పెంచే పాములలో బాల్ పైథాన్ ఎక్కువగా కనిపించే జాతులలో ఒకటి. పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన ఈ చిన్న కొండచిలువ పెరిగిన తరువాత సాధారణంగా 90 నుండి 150 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. బెదిరినప్పుడు తలను చుట్టల నడుమ దాచుకుని బంతివలె ముడుచుకుంటుంది కనుక దానికి ఆ పేరు వచ్చింది. దీనిని పెంచేవారు పశువైద్యుని వద్ద తరచుగా చెప్పుకొనే ఇబ్బంది ఒకటుంది. నిన్నటివరకు సాధువుగా ఉన్న పాము బుసకొడుతున్నది, వారాల తరబడి ఎర ముట్టడం లేదు, అలిగినదేమోనని వారి అనుమానం.

ఈ ‘అలక’ అన్న మాటతోనే చిక్కు వస్తుంది. పాము ఆహార ప్రవర్తనను ముఖ్యంగా శరీర ఉష్ణోగ్రత, చర్మపు స్థితి, ఋతువు, భద్రత నిర్ణయిస్తాయి. వీటిని గమనించక మనోభావంగా భావించినవారు ఆరోగ్యంగా ఉన్న పాముకు బలవంతంగా ఎర తినిపిస్తారు, లేదా జబ్బుపడిన పామును దాని మానాన వదిలివేస్తారు. రెండూ ప్రాణాపాయానికి దారితీయవచ్చు.

మన దేశంలో స్థానిక పాములను పెంచుకోవడాన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 అనుమతించదు. బాల్ పైథాన్ వంటి విదేశీ జాతుల విషయం వేరు. అంతర్జాతీయ వాణిజ్యంపై నియంత్రణ ఉన్న జాతులను 2022 నాటి సవరణ ఆ చట్టం పరిధిలోకి తెచ్చింది. 2024 నియమాల ప్రకారం వాటి యజమానులు పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. నమోదైన జంతువుకు వైద్యం కూడా అవసరమే. కావున ఈ విషయం మన విద్యార్థులకు పరాయిది కాదు.

మొదట పరిశీలించవలసినది వేడిమి. పాము తన శరీరానికి కావలసిన వేడిని పరిసరాల నుండే గ్రహించాలి. బాల్ పైథాన్ పెట్టెలో ఒక వైపు సుమారు 31 నుండి 33 డిగ్రీల సెల్సియస్, మరొక వైపు 25 నుండి 27 డిగ్రీలు ఉంటే అది అటూ ఇటూ కదిలి తనకు తగిన వేడిని ఎంచుకుంటుంది. జీర్ణక్రియకు ఈ వేడి ఎంత ముఖ్యమో కొండచిలువలపై జరిగిన పరిశోధనలు తెలుపుతున్నాయి. బర్మా కొండచిలువ పెద్ద ఎరను మింగిన 48 గంటలలో దాని గుండె కండర పరిమాణం దాదాపు 40 శాతం పెరుగుతుందని 2005లో వెల్లడైంది. పేగు, కాలేయం కూడా అదే విధంగా పెరుగుతాయి. ఇంతటి శ్రమకు వేడి చాలనప్పుడు మింగిన ఎలుక కడుపులో కుళ్లుతుంది, పాము దానిని కక్కివేస్తుంది. కనుక చల్లని పెట్టెలోని పాము ఎరను నిరాకరించడం ఆత్మరక్షణే. అయితే పెట్టె పైభాగాన గోడకు అతికించిన ఉష్ణమాపకాన్ని నమ్మరాదు. పాము పడుకొనే నేలమీది ఉష్ణోగ్రతను కొలవాలి. ఎన్నో ‘అలకలు’ ఈ ఒక్క కొలతతో తీరిపోతాయి.

కుబుసం విడిచే ముందు కన్నులపై నీలి మసక కమ్ముతుంది. చూపు మందగించిన పాము చేయి తగిలితే ఉలికిపడి కాటు వేయబోతుంది, ఎరను కూడా సాధారణంగా ముట్టదు. కొద్ది రోజులలో మసక తొలగుతుంది, ఆ తరువాత కుబుసం ఊడుతుంది. ఈ కాలంలో పామును తాకకుండా, పెట్టెలో తేమను పెంచితే చాలు. కంటిపై పొర మిగిలిపోయినా గోటితో పీకరాదు.

ఋతువు ప్రభావాన్ని యజమానులు ఊహించలేరు. పెరిగిన మగపాములు జతకట్టే కాలంలో నెలల తరబడి ఎర ముట్టకపోవచ్చు. ఆడపాము గుడ్లను చుట్టుకుని సుమారు రెండు నెలలు పొదుగుతుంది. ఆ రోజులలో అది తినదు. ఇక్కడ నిజం చెప్పేది తూకమే. వారానికోసారి తూచి పుస్తకంలో వ్రాసుకుంటే, తినని పాము బరువు నిలకడగా ఉన్నదో తగ్గుతున్నదో తెలుస్తుంది. బరువు పదవ వంతు తగ్గితే వైద్యునికి చూపించాలి. పిల్ల పాములలో అంతవరకు ఆగడం కూడా తగదు, వాటి నిల్వలు స్వల్పం.

స్వస్థలంలో ఈ పాము పగలంతా ఎలుకల బొరియలలో, చెదపుట్టలలో దాగి రాత్రివేళ వేటాడుతుంది. అట్టి ప్రాణిని నలువైపులా అద్దాలున్న విశాలమైన పెట్టెలో దాపు లేకుండా ఉంచితే ఆహారం మానుకొనడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఒళ్లు గోడలకు తాకేంత ఇరుకైన దాపులను వెచ్చని వైపున ఒకటి, చల్లని వైపున ఒకటి అమర్చాలి. ఎర విషయంలోనూ దానికి పట్టింపు ఉంటుంది. పెదవులపై ఉన్న గుంటల ద్వారా అది వేడిని పసిగడుతుంది కనుక శీతలీకరించిన ఎలుకను పూర్తిగా కరిగించి, గోరువెచ్చగా చేసి ఇవ్వాలి. బ్రతికి ఉన్న ఎలుకను పెట్టెలో వదిలివేస్తే అదే పామును కొరికి గాయపరుస్తుంది.

ఎలుక వాసన అంటిన చేతిని పెట్టెలో పెడితే పాము కాటేస్తుంది. అది కోపం కాదు, ఎర అనుకొనడమే. మన పల్లెలలో పాము పగపడుతుందని, పాలు త్రాగుతుందని నమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. దప్పిగొన్న పాము ఏ ద్రవాన్నైనా త్రాగవచ్చును గాని పాలు దాని ఆహారం కావు. పెంపుడు పాము అలిగినదనుకొనడం, జెర్రిపోతు పగపట్టినదనుకొనడం ఒకే కోవకు చెందిన పొరపాట్లు. చేలో ఎలుకలను తినే జెర్రిపోతును రైతు చంపకుండా ఆపదలచిన విస్తరణ శాస్త్రవేత్తకు ఈ పోలిక అక్కరకు వస్తుంది.

వేడి, తేమ, దాపు సరిగా ఉండి, కుబుసం కాలమూ, జతకట్టే ఋతువూ కానప్పుడు పాము తినకపోతే వ్యాధిని అనుమానించాలి. నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కు వద్ద బుడగలు రావడం శ్వాసకోశ వ్యాధి లక్షణాలు. గంటల తరబడి నీటి తొట్టెలో పడి ఉంటే పొలుసుల సందులలో నల్లని గోమారుల కోసం వెదకాలి. తల పైకెత్తి ఆకాశం వంక చూస్తున్నట్లు ఉండిపోవడం నాడీ వ్యవస్థకు సోకిన వ్యాధికి సంకేతం కావచ్చు. అట్టి పామును తక్షణం మిగిలిన వాటినుండి వేరుచేయాలి. అయితే ‘స్పైడర్’ అనే రంగు రకంలో తల వణకడం జన్యులోపం వల్ల వచ్చేది, అంటువ్యాధి కాదు. గొట్టం ద్వారా ఆహారం పంపడం చివరి ఉపాయం. దానిని అనుభవమున్న వైద్యుడే, పాములోని నీటి కొరతను సరిచేసి, శరీరాన్ని తగిన వేడికి తెచ్చిన పిదప మాత్రమే చేయాలి.