కొండెక్కే బారులో మన కారు

మే నెల శనివారం, ఉదయం పది గంటలు. మెట్టుపాళయం దాటి కూనూరు ఘాట్ రోడ్డు మొదలయ్యే చోట కార్ల బారు కదలడం లేదు. వెనక సీట్లో పిల్లలు అప్పటికే నాలుగుసార్లు ‘ఇంకెంత దూరం నాన్నా?’ అని అడిగారు. ఊటీలో తిందామని కట్టుకొచ్చిన పులిహోర కారులోనే అయిపోయింది. హోసూరు, కోయంబత్తూరు, బెంగళూరుల నుంచి వేసవిలో ఊటీకి బయలుదేరే మన కుటుంబాలకు ఇది కొత్త కాదు.

ఇలా ఒకసారి ఇరుక్కున్నవాళ్లు మరుసటి ఏడు ఏం చేస్తారు? ప్రయాణం మానుకునేవాళ్లు తక్కువ. ముందు వేళ మారుస్తారు, తర్వాత దారి మారుస్తారు, ఆ తర్వాత చూసే చోట్లు తగ్గించుకుంటారు. కారును మాత్రం వదలరు. చిక్కంతా అక్కడే ఉంది.

అందరికీ ఒకే ఉపాయం

రోజూ ఆఫీసుకు వెళ్లేవాడికి ఏ సందులో దూరితే ఎక్కడ తేలతామో తెలుసు. కొత్త ఊరికి కారులో వెళ్లేవాడికి ఆ ఎరుక ఉండదు. ఫోన్ చూపే దారినే నమ్ముతాడు. ఆ ఫోన్ వెనక కార్లవాళ్లకూ అదే దారి చూపిస్తుంది. దాంతో కాసేపట్లో ఆ అడ్డదారి కూడా నిండిపోతుంది. పల్లె మధ్యగా వెళ్లే ఇరుకు రోడ్డయితే అక్కడివాళ్లకు ఇంటి నుంచి బయటికి రావడమే కష్టం.

వేళ మార్చినా అంతే. మైసూరు మీదుగా వెళ్లేవాళ్లు రాత్రే బయలుదేరితే రద్దీ తప్పుతుందనుకుంటారు. కానీ వన్యప్రాణుల రక్షణ కోసం బండీపుర అడవి రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. గేటు తెరిచేదాకా ఆగిన బండ్లన్నీ ఒక్కసారిగా కదులుతాయి. రాత్రి నిద్ర పోయింది, బారు మాత్రం తప్పలేదు.

ఆ బారులో పర్యాటకులే ఉండరు. కొండమీది పిల్లల బడి బస్సు, మార్కెట్‌కు దిగే కూరగాయల లారీ, రోగిని తీసుకెళ్లే అంబులెన్సు కూడా అదే రోడ్డు మీద ఆగుతాయి. మనకది సెలవు రోజు, వాళ్లకది మామూలు రోజు.

పాస్ వచ్చాక

సీజన్‌లో నీలగిరికి రోజుకు 20 వేలకు పైగా వాహనాలు వస్తున్నాయన్న లెక్క మద్రాసు హైకోర్టు ముందుకు వచ్చింది. కోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్ వెళ్లే వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి అయింది. అప్పట్లో సంఖ్యకు పరిమితి లేదు, అడిగినవారికల్లా పాస్ దొరికేది. 2025 ఏప్రిల్ నుంచి జూన్ నెలాఖరు వరకు పరిమితి పెట్టారు. ఊటీకి మామూలు రోజుల్లో 6,000, శని ఆదివారాల్లో 8,000 వాహనాలు. కొడైకెనాల్‌కు 4,000, 6,000. స్థానికుల బండ్లకు, ప్రభుత్వ బస్సులకు మినహాయింపు ఇచ్చారు.

పర్యాటకుల మీదే బతికే వ్యాపారులు దీన్ని వ్యతిరేకించి దుకాణాలు మూశారు. వారి బాధ కూడా నిజమే. అయితే ఒక సంగతి గమనించాలి. ఆ పరిమితి బండ్లకే గానీ మనుషులకు కాదు. అదే మనుషులు తక్కువ బండ్లలో వస్తే రోడ్డుకూ ఊరట, దుకాణానికీ బేరం.

మన చేతిలో ఉన్నవి

పిల్లలకు వేసవి సెలవులు వారాల తరబడి ఉంటాయి. శని ఆదివారాలకు కట్టిపడేస్తున్నది పెద్దల సెలవే. వీలైతే మంగళ, బుధవారాలు ఎంచుకోండి. ఒక్క రోజులో వెళ్లి రావాలంటే సాయంత్రం అందరితో పాటే కొండ దిగాలి. ఒక రాత్రి ఉంటే ఆ తొందర ఉండదు.

కారును మెట్టుపాళయంలోనే వదిలి ప్రభుత్వ బస్సులో కొండెక్కవచ్చు. ముందుగా టికెట్ దొరికితే కొండ రైలు మరీ మంచిది. 1908లో ఊటీ చేరిన ఈ రైలు 46 కిలోమీటర్లు ఎక్కడానికి దాదాపు 5 గంటలు తీసుకుంటుంది. కారులో 5 గంటలంటే విసుగు, రైల్లో అదే విహారం. బయలుదేరే ముందు ఆ ఏడాది పాస్ నిబంధనలు ఒకసారి చూసుకోండి. నిబంధన ఉంటే ముందు పాస్, తర్వాతే గది.

తరగతిలో ఒక లెక్క

ఉపాధ్యాయులు ఇదే విషయాన్ని లెక్కల పాఠం చేయవచ్చు. 50 మంది ఒక బస్సులో వెళ్తే అది రోడ్డు మీద దాదాపు 11 మీటర్లు ఆక్రమిస్తుంది. కారుకు నలుగురు చొప్పున వెళ్తే 13 కార్లు కావాలి. ఒక్కో కారు 4 మీటర్లనుకుంటే, మధ్యలో ఖాళీ లేకుండా నిలిపినా 52 మీటర్లు. బడి ఆవరణలో సుద్దముక్కతో ఈ రెండు గీతలూ గీయించండి. తర్వాత ‘మా ఊరి రోడ్డు, పండగ రోజు’ అని తెలుగులో పది వాక్యాలు రాయించండి.

ఇంటికెళ్లాక ఆ పిల్లలే అడుగుతారు: ‘నాన్నా, ఈసారి బస్సులో వెళ్దామా?’ జవాబు సిద్ధం చేసుకోండి.