క్లాండైక్‌లో బంగారంతో పాటు దొరికిన కథలు

కెనడా వాయవ్య కొసన, అలాస్కా పొరుగునే ఉంది యూకన్. 1896 ఆగస్టులో అక్కడి క్లాండైక్ ప్రాంతంలో, ర్యాబిట్ క్రీక్ అనే వాగులో బంగారం బయటపడింది. అంతకు కొద్దిరోజుల ముందు టాగిష్ తెగకు చెందిన స్కూకమ్ జిమ్, అతని మేనల్లుడు డాసన్ చార్లీ పక్క లోయలో తవ్వుకుంటున్న రాబర్ట్ హెండర్సన్‌ను పొగాకు అమ్మమని అడిగారు. ఆదివాసులంటే చిన్నచూపున్న అతను కుదరదన్నాడు. బంగారం దొరికాక వాళ్లెవరూ హెండర్సన్‌కు కబురు పెట్టలేదు. సంగతి అతని చెవిన పడేసరికి మంచి జాగాలన్నీ ఇతరుల పేరున నమోదైపోయాయి!

బంగారాన్ని ముందుగా చూసింది జిమ్మేనని అతని బంధువులు తరతరాలుగా చెబుతున్నారు. కానీ కనుగొన్నవాడికి దక్కే అదనపు జాగా జిమ్ సోదరి భర్త, తెల్లజాతివాడైన జార్జ్ కార్మాక్ పేరున రాసుకున్నారు. ఇది అన్యాయమనే చెప్పాలి.

1897 జూలైలో బంగారంతో ఓడలు శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటిల్ చేరాయి. దాంతో సుమారు లక్ష మంది ఉత్తరానికి బయల్దేరారని అంచనా. గమ్యం చేరినవాళ్లు అందులో సగం కూడా లేరు. ఆకలిచావులు వస్తాయన్న భయంతో, ఏడాదికి సరిపడా సామాను లేనివాళ్లను కెనడా పోలీసులు సరిహద్దు దాటనివ్వలేదు. ఆ సామాను దాదాపు ఒక టన్ను! చాలామంది దాన్ని మూటలు కట్టి వీపున మోస్తూ, చిల్కూట్ కనుమ మంచుమెట్ల మీద పదేపదే ఎక్కి దిగారు.

తవ్వకుండానే గడించినవాళ్లూ ఉన్నారు. బెలిండా మల్రూనీ అనే ఐరిష్ మహిళ నూలు బట్టలు, పక్కలో పెట్టుకునే వేడినీళ్ల సీసాలు తెచ్చి ఆ చలిలో ఎన్నో రెట్ల లాభానికి అమ్మింది. 1898లో అక్కడి డాసన్ అనే పట్టణంలో మూడంతస్తుల హోటల్ తెరిచింది.

అయితే ఈ కథలన్నిటిలోకీ గొప్పది ఐజాక్‌ది. క్లాండైక్ నది యూకన్ నదిలో కలిసే చోట తరతరాలుగా సాల్మన్ చేపలు పట్టుకునే ట్రోండెక్ హ్వెచిన్ ప్రజలకు ఆయన పెద్ద. వచ్చిపడ్డ జనం వాళ్ల చేపల రేవును ఆక్రమించారు. ఐజాక్ తనవాళ్లను నది దిగువనున్న మూస్‌హైడ్‌కు తరలించాడు. కొత్తవాళ్ల మధ్య తమ పాటలు, నాట్యాలు నిలవవని గ్రహించి, వాటిని అలాస్కాలోని బంధువులకు అప్పగించాడు. ఆ బంధువులు వాటిని మరచిపోకుండా పాడుతూ, ఆడుతూ కాపాడారు. 1990ల్లో అవి తిరిగి సొంతవాళ్లకు చేరాయి.

2023లో యునెస్కో ఆ ప్రాంతాన్ని ట్రోండెక్-క్లాండైక్ పేరుతో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.