చేయి నేర్పే చూపు

చిత్రకళ పుట్టుకతో అబ్బవలసినదే గాని నేర్చుకొంటే వచ్చేది కాదనే అభిప్రాయం మన సమాజంలో బలంగా నాటుకొని ఉన్నది. గీత వంకరగా వచ్చిందని బాల్యంలోనే కుంచెను పక్కన పెట్టినవారు ఎందరో! కాని రేఖ, ఆకారం, వర్ణం, స్పర్శగుణం, సమతౌల్యం, లయ అనేవి దృశ్యరచనకు మూలాంశాలు. భాషకు అక్షరాలు ఎటువంటివో, రూపకల్పనకు ఇవి అటువంటివి. అక్షరాలను దిద్దించి నేర్పినట్లే వీటిని కూడా చేతిపని ద్వారా నేర్పవచ్చునని నిరూపించిన విద్యాసంస్థలలో జర్మనీలోని బౌహౌస్ ప్రముఖమైనది.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం, అనగా 1919లో, వాస్తుశిల్పి వాల్టర్ గ్రోపియస్ వైమార్ నగరంలో ఈ సంస్థను స్థాపించాడు. కళాకారునికీ, చేతిపనివానికీ నడుమ ఉన్న అడ్డుగోడను తొలగించడం ఆయన ఆశయం. అక్కడి విద్యార్థులు ముందుగా ఒక ప్రాథమిక శిక్షణను పొందవలసి ఉండేది. దానిని రూపొందించినవాడు స్విట్జర్లాండు దేశీయుడైన చిత్రకారుడు యోహానెస్ ఇట్టెన్. ఆయన కొయ్య, గాజు, ఉన్ని వంటి పదార్థాలను విద్యార్థుల చేతికిచ్చి నునుపును, గరుకును తాకి గ్రహింపజేసేవాడు. ఆ అనుభవాన్ని రేఖలలోకి తెమ్మనేవాడు.

ఇట్టెన్ 1923లో సంస్థను విడిచి వెళ్లిన పిదప ఈ బోధనను స్వీకరించినవారిలో యోసెఫ్ ఆల్బర్స్ ఒకడు. ఆయన అక్కడే విద్యార్థిగా చేరి ఉపాధ్యాయుడైనవాడు. ఒకనాడు ఆయన తరగతిలో వార్తాపత్రికలు పంచి, కాగితం వృథా కాకుండా ఏదైనా నిర్మించమన్నాడని ఆయన శిష్యుడొకడు స్మరించుకొన్నాడు. కొందరు కోటలు కట్టారు; కొందరు విమానాలు చేశారు. ఆల్బర్స్ మెచ్చుకొన్నది మాత్రం కాగితాన్ని నిలువుగా మడిచి నిలబెట్టిన విద్యార్థిని! పరచినప్పుడు మెత్తగా వాలిపోయే కాగితం, ఒక్క మడతతో బలం పొంది నిలబడింది. కాగితానికి మాత్రమే సాధ్యమైన గుణాన్ని ఆ విద్యార్థి కనుగొన్నాడు. పదార్థం స్వభావాన్ని ఎరిగి, తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితం సాధించడమే రూపకల్పనలోని మర్మం.

ఆల్బర్స్ రంగులను కూడా ఈ విధంగానే బోధించాడు. మీరూ ఈ ప్రయోగం చేసి చూడవచ్చు. ఒకే బూడిదరంగు కాగితం నుండి రెండు చిన్న చతురస్రాలను కత్తిరించండి. ఒకదానిని నల్లని అట్టపైన, రెండవదానిని తెల్లని అట్టపైన అంటించండి. నలుపుమీది ముక్క లేతగా, తెలుపుమీది ముక్క ముదురుగా కనిపిస్తాయి. కన్ను ఏ రంగునూ ఒంటరిగా చూడదు. పరిసరాలతో పోల్చి చూస్తుంది. ఈ సత్యాన్ని పుస్తకంలో చదివినవాడు మరచిపోవచ్చు గాని, స్వయంగా అంటించి చూసినవాడు మరువలేడు. ఇటువంటి అభ్యాసాలను ఆల్బర్స్ 1963లో గ్రంథరూపంలో వెలువరించాడు.

నాజీల ఒత్తిడి వలన 1933లో బౌహౌస్ మూతపడింది. ఆల్బర్స్ అదే సంవత్సరం అమెరికా చేరి, బ్లాక్ మౌంటెన్ కళాశాలలో బోధన కొనసాగించాడు. పాఠశాల మూతపడినా దాని పద్ధతి ఖండాంతరాలకు వ్యాపించింది. మన దేశానికి ఈ సంస్థతో పరిచయం కొత్తది కాదు. 1922లోనే కలకత్తాలో బౌహౌస్ చిత్రకారుల కృతులు ప్రదర్శింపబడ్డాయి. 1961లో అహమ్మదాబాదులో ఏర్పడిన జాతీయ డిజైన్ సంస్థ సైతం చేస్తూ నేర్చుకొనే పద్ధతికే ప్రాధాన్యమిచ్చింది.

నిజానికి ఈ విద్య మన ముంగిళ్లలోనూ ఉన్నది. చుక్కలు సమదూరంలో పెట్టి, గీత తెగకుండా మెలికలు తిప్పి ముగ్గు వేసే ఇల్లాలు సమతౌల్యాన్నీ, లయనూ ఏ గ్రంథంలోనూ చదవలేదు. తల్లి చెంత కూర్చొని, వేసి, చెరిపి, మరల వేసి నేర్చుకొన్నది. చెరిపిన ముగ్గులన్నీ ఆమెకు పాఠాలే.

కనుక విద్యార్థులారా! చేయి తిరగలేదని వెనుదీయకండి. కత్తెర, జిగురు, పాత వార్తాపత్రిక ఉంటే చాలు, అభ్యాసం ఆరంభించవచ్చు. మొదటి ప్రయత్నం చెడిపోతే అది ఎందుకు చెడినదో పరిశీలించండి. ఆ పరిశీలనతోనే మీ చూపు పదునెక్కుతుంది.