టెన్షన్ అంటే యాంగ్జైటీ కాదు

ప్రాజెక్టు రిపోర్టు సబ్మిషన్ దగ్గరపడితే హాస్టల్లో ఒకటే ప్రశ్న: "ఒరేయ్, నీకు సిమిలారిటీ ఎంతొచ్చింది?" ఎక్కువొచ్చిందంటే వెంటనే మనం చేసే పని, ఇంగ్లీషు వాక్యంలోంచి నాలుగు మాటలు పీకేసి వాటి చోట పర్యాయపదాలు అతికించడం. దాన్నే రీఫ్రేజింగ్ అనుకుంటాం. కానీ అది రీఫ్రేజింగ్ కాదు.

సివిల్ వాళ్ళకి బాగా తెలిసిన వాక్యం ఒకటి తీసుకుందాం.

"స్టీల్ ఈజ్ ప్రొవైడెడ్ ఇన్ బీమ్స్ బికాజ్ కాంక్రీట్ ఈజ్ వీక్ ఇన్ టెన్షన్."

డిక్షనరీ పక్కన పెట్టుకుని మాటకి మాట మారిస్తే ఇలా తయారవుతుంది:

"ఐరన్ ఈజ్ సప్లైడ్ ఇన్ బీమ్స్ బికాజ్ సిమెంట్ ఈజ్ ఫీబుల్ ఇన్ యాంగ్జైటీ."

ఇనుము వేరు, ఉక్కు వేరు. సిమెంటు కాంక్రీటులో ఒక భాగం మాత్రమే. ఇక ఆ టెన్షన్ పరీక్షల ముందు మనకొచ్చేది కాదు, పదార్థాన్ని సాగదీసే బలం. అర్థం పోయింది, వాక్యం కట్టు మాత్రం పాతదే మిగిలింది. అంటే కాపీ కాపీగానే ఉంది!

నవ్వుకోవడానికి చెప్పట్లేదు. ఇలాంటివి పరిశోధన పత్రాల్లోనే అచ్చయ్యాయి. 2021లో గియోమ్ కబానాక్, మరో ఇద్దరు పరిశోధకులు వీటిని బయటపెట్టి 'టార్చర్డ్ ఫ్రేజెస్' అని పేరు పెట్టారు. వాటిలో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ కాస్తా 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్' అయింది. బిగ్ డేటా 'కొలాసల్ ఇన్ఫర్మేషన్' అయింది.

మరి ఎలా రాయాలి? మనకి ఒక సౌకర్యం ఉంది, తెలుగు. పేరా చదవండి, పుస్తకం మూసేయండి, రూమ్మేట్‌కి తెలుగులో చెప్పండి: "కాంక్రీటు లాగుడికి పెద్దగా ఆగదురా, అందుకే బీముల్లో స్టీలు వేస్తారు." తెలుగులో క్రియ చివరికొస్తుంది కాబట్టి ఇంగ్లీషు వాక్యం వరస ఎలాగూ నిలవదు, విషయం ఒక్కటే మిగులుతుంది. ఇప్పుడు దాన్ని ఇంగ్లీషులో రాయండి:

"సిన్స్ కాంక్రీట్ కెనాట్ రెసిస్ట్ మచ్ టెన్షన్, బీమ్స్ ఆర్ రీఇన్‌ఫోర్స్డ్ విత్ స్టీల్."

కాంక్రీట్, టెన్షన్, స్టీల్ అలాగే ఉన్నాయి చూడండి. సాంకేతిక పదాలని ముట్టుకోకూడదు. పవర్‌ని ఎనర్జీ అన్నామంటే వాట్లు వెళ్ళి జౌళ్ళలో పడ్డట్టే.

రాశాక అసలు వాక్యం పక్కన పెట్టి మూడు చూసుకోండి. అంకెలు, యూనిట్లు మారాయా? 'మే' అన్నచోట 'విల్' పడిందా? 'మోస్ట్' కాస్తా 'ఆల్' అయిందా? "తుప్పు వల్ల బలం తగ్గొచ్చు" అన్నదాన్ని "తగ్గుతుంది" అని రాస్తే, ఆ రచయిత అనని మాటని ఆయన నోట్లో పెట్టినట్టు.

ఇంకోటి. వాక్యం మనదైనంత మాత్రాన ఆలోచన మనది కాదు. ఎంత బాగా మార్చి రాసినా రిఫరెన్స్ ఇవ్వాల్సిందే.

సాఫ్ట్‌వేర్ పర్సెంటేజీ చెప్పి ఊరుకుంటుంది. వైవాలో ఎక్స్‌టర్నల్ మాత్రం మన రిపోర్టులోనే ఒక లైను మీద వేలు పెట్టి "దీనర్థం ఏంటమ్మా?" అని అడుగుతారు. ఒకసారి రూమ్మేట్‌కి తెలుగులో చెప్పి ఉంటే, అక్కడ తడుముకోం.