కోరింగ మడ అడవి: చూడవచ్చే వారివల్ల ఊరికి ఒరిగేదేమిటి?

కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డులో చొల్లంగి దాటితే ఎడమవైపున మడ అడవి కనిపిస్తుంది. పుష్య అమావాస్యనాడు చొల్లంగిలో స్నానానికి వచ్చే యాత్రికులు ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఇప్పుడు వారితోపాటు పట్నాల నుంచి అడవిని చూడటానికి కూడా జనం వస్తున్నారు. చెక్క వంతెనపై నడిచి, పడవెక్కి కాలువల్లో తిరిగి, సాయంత్రానికి వెళ్ళిపోతున్నారు. వారు వదలిపోయేది ఊరికి నాలుగు రూపాయల సంపాదనా, లేక చెత్తాచెదారమా అన్నది తీరగ్రామాలు ఆలోచించవలసిన విషయం.

ఉప్పెనకు అడ్డుగోడ

గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న ఈ అడవిలో సుమారు 235 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. మడచెట్ల వేళ్ళు బురదపైకి పొడుచుకు వచ్చి గాలి పీలుస్తాయి. ఒండ్రుమట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతాయి. ఉప్పెన వచ్చినప్పుడు అలల ఉధృతిని తగ్గిస్తాయి. ఒకప్పటి పేరుమోసిన కోరింగ రేవు 1789లోను, 1839లోను ఉప్పెనల పాలయింది. 1996 నవంబరు 6 తుఫాను ఎన్ని ఇళ్ళలో దీపం ఆర్పిందో ఈ తీరంలోని పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు.

రొయ్యపిల్ల, పీత, చేపపిల్ల పెరిగేది కూడా ఈ వేళ్ళ మధ్యనే. అందుచేత మడ నరికితే మొదటి దెబ్బ వేటకు వెళ్ళే కుటుంబాలకే తగులుతుంది.

నాటింది ఊరివారే

వెనుకటి రోజుల్లో అడవిని పూర్తిగా కొట్టివేసిన చోట్ల ఆటుపోట్ల నీరు ఆడక, నేలలో ఉప్పు పేరుకుని, మొక్క మొలవకుండా పోయింది. 1990 దశకం చివరి నుంచి స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ కలిసి గ్రామ కమిటీల ద్వారా ఇటువంటి నేలను బాగుచేయించాయి. చేపముల్లు ఆకారంలో నడుమ ఒక కాలువ, ఇరువైపులా పిల్లకాలువలు తవ్వారు. పోటునీరు లోపలికి వచ్చి ఉప్పును కడిగింది. కాలువల వెంబడి మడ మొక్కలు నాటారు. ఊరివారు చేయి వేయనిదే ఈ పని జరిగేది కాదు.

వాటా ఎవరికి?

కట్టెలకు కూడా అడవిలోకి పోవద్దన్నప్పుడు నష్టపడేది బీద కుటుంబాలే. కాబట్టి పడవ నడపటం, దారి చూపటం, భోజనం వండి పెట్టడం వంటి పనులు ముందు వారికే దక్కాలి. టిక్కెట్టు సొమ్ములో ఊరి వాటా ఎంతో, అది దేనికి ఖర్చయిందో గ్రామసభలో లెక్క చదివి వినిపించాలి. లెక్క తెలియని ఊరు అడవికి ఎంతకాలం కాపలా కాస్తుంది?

వచ్చేవారికి కూడా హద్దు ఉండాలి. ఇక్కడి నీటిపిల్లులు, నీటికుక్కలు అలికిడికి దూరంగా పోతాయి. హోప్ ఐలాండు ఇసుకలో జనవరి నుంచి మార్చి వరకు సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెడతాయి. రాత్రి దీపాలు వెలిగితే పిల్లలు సముద్రం దారి తప్పుతాయి. ప్లాస్టిక్ సంచి కాలువలో పడితే చివరకు చేరేది జాలరి వలలోకే.

రోజుకు ఎన్ని పడవలు తిరగాలి, ఏ నెలల్లో ఎటు పోరాదు అన్న నిర్ణయాలు జరిగేటప్పుడు తీరగ్రామాల కమిటీలను కూర్చోబెట్టి అడగటం అవసరం. ఆటుపోట్లు ఎరిగినవారు వారే, తుఫాను వస్తే ఇక్కడే ఉండవలసిన వారూ వారే.